ఇంకా రెండు వేళ్ళు

మెజెస్టిక్‌లో బస్సెక్కక ముందే
వాడి చెవిలో చెప్పినా:
కండక్టరొస్తే మోకాళ్ళు వంచు,
అడిగితే ఐదని చెప్పు.
ఆరు నిండి మూడు నెలలైంది ప్రహ్లాదుకి.

"మగుగె ఎష్టు వర్ష?" అన్నాడాయన.
వాడు ఒక చేతి వేళ్ళన్నీ విప్పి చూపించి
ఆరోది ఉన్న చెయ్యి
వీపెనక దాచుకున్నాడు.

బిడదిలో దిగి, ఎండలో ఒక మైలు.
చెట్లపైన పెద్ద చక్రం.
"తిరగట్లేదమ్మా అది."
"తిరుగుతాంది రా, నిదానంగా."

బయటి తిండి పనికిరాదన్నారు గేటు కాడ.
తెల్లారి నాలుక్కి లేచి కలిపిన చిత్రాన్నం.
పారెయ్యాలంట.
ఖాద్రిపతి నా మొకం చూసినాడు, నేను డబ్బా చూసినా.
అక్కడే గట్టు మీద కూలబడి
తొమ్మిదిన్నరకే మధ్యాహ్నం బువ్వ తినేసినాం,
శెనక్కాయ గింజ ఒక్కటి మిగల్చకుండా.

టికెట్ల కిటికీ పక్క గోడకి ఏనుగు బొమ్మ.
తొండం గీత దాటితే డబ్బు కట్టాల.
కావేరికి నెత్తిమీది పిలక ఊడదీసినా.
మూడేళ్ళది, మూతి బిగబట్టి కిందికి కుంగింది.
దాన్ని చూసి వీడూ కుంగినాడు,
వాడికెట్లా తప్పదని తెలీక.
లోపలి పిల్ల నవ్వింది,
నవ్వుతానే ఇద్దరికీ కొట్టింది.
బోనసు డబ్బులో సగం అక్కడే అయిపాయ.

ఎలుగుబంటిని చూసి కావేరి ఏడ్చిన ఏడుపుకి
ఎలుగుబంటే బయపడి తల ఊడదీసింది.
లోపల మీసాలింకా రాని పిల్లగాడు,
చెమటతో తడిసి, ఏడవద్దు ఏడవద్దని చేతులు ఊపుతా.

ఆకాశంలో తలకిందులయ్యే రైలు కాడ
మళ్ళీ ఒక కొలకర్ర.
ఈసారి నేనే అన్నా: నిటారుగా నిలబడు, గడ్డం ఎత్తు.
తడిచేత్తో వాడి జుట్టు పైకి దువ్వినా.
వాడు నా వైపు తిరిగి
నిజంగానే తెలీక అడిగినాడు,
"అమ్మా, ఇప్పుడు పొట్టిగా ఉండాల్నా, పొడుగ్గా ఉండాల్నా?"
లైన్లో వాళ్ళంతా నవ్వినారు.
నేనూ నవ్వినా, కొంచెం ఆలస్యంగా.

వాడి నెత్తిన అరచెయ్యి అడ్డం పెట్టి
"ఆగల్ల. ఇన్నూ బెళీబేకు" అన్నాడు కాపలా ఆయన.
రెండు వేళ్ళు తక్కువ.

గార్మెంట్స్‌లో నా పనే అది. మెడలో టేపు.
ఏ దేశానికో పొయ్యే ఆరేళ్ళ పిల్లల చొక్కాలు,
పొడుగు, భుజం, చెయ్యి.
అరంగుళం తేడా ఉంటే పక్కకి విసిరేస్తా.
అట్ల విసిరేసింది ఒకటి ఇంటికి తెచ్చి
వాడికి తొడిగి చూసినా ఒకసారి.
చేతుల కొసలు కనపళ్ళేదు.
మడిచి పెట్టెలో పెట్టినా. ఏమీ అన్లేదు.

వాడు ఏడుస్తాడనుకున్నా. ఏడవలా.
నీడలో కూచుని, పైన అరుచుకుంటా పొయ్యేవాళ్ళని చూసుకుంటా,
"రెండు వేళ్ళంటే ఎన్ని దినాలు నాయనా?"
"ఆర్నెల్లు" అన్నాడు ఖాద్రిపతి,
ఏదో బాకీకి వాయిదా అడిగినట్టు.
నాకైతే, ఆ రైలు ఒక్క చక్రం మీద ఒరిగిన చోటు చూసినాక
లోపల్లోపల హాయిగానే ఉండె.
ఉండనీ రెండు వేళ్ళు, ఇంకొన్నాళ్ళు.

చీకటి పడినాక బస్సు.
కావేరి వాళ్ళ నాయన భుజం మీద,
వీడు నా ఒళ్ళో, కాళ్ళు దోవలోకి పొడుచుకొచ్చి.
పొద్దునకీ ఇప్పటికీ పెరిగినాడా ఏమి,
ఎట్ల సర్దినా ఒళ్ళో పట్టడు.
వేరే కండక్టరు. అదే మాట:
"మగుగె ఎష్టు వర్ష?"

కళ్ళు తెరవకుండానే వాడి చెయ్యి లేచింది,
ఐదు వేళ్ళూ విప్పి.

దాని పక్కన నా వేలొకటి నిలబెట్టినా.

చిల్లర లేదని గొణుక్కుంటానే
అర టికెట్టు చించిచ్చినాడు.